ప్రకటనలో ఒక ముఖం, ఎదురుగా మరో ముఖం: ఎస్కార్ట్ ఫోటోల వెనుక ఉన్న లెక్క

ఎస్కార్ట్ (డబ్బుకు లైంగిక సేవ అందించే మనిషి) ప్రకటనలో చూసిన ముఖమూ, తీరా ఎదురుపడిన మనిషి ముఖమూ ఒకటి కావన్న ఫిర్యాదు ఈ వ్యాపారం ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పటి నుంచీ ఉన్నదే. ఫిర్యాదు చేసేది దాదాపు ఎప్పుడూ డబ్బిచ్చిన మగవాడే కాబట్టి, చర్చ ‘మోసపోయాను’ అన్న మాటతో మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆ ఫోటోను ఎవరు తీశారు, ఎవరు పెట్టారు, అందులో ఉన్న మనిషికి ఆ సంగతి తెలుసా, ముఖం చూపిస్తే ఆమెకు ఏమవుతుంది అని అడిగితే తప్ప ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో అర్థం కాదు. నా అంచనాలో ఈ ఫోటోల్లో నిజం పాలు ఎంతన్నది కెమెరా తేల్చేది కాదు. ప్రకటన ఎవరి చేతిలో ఉంది, ఆ దేశపు చట్టం ఆ మనిషిని ఎలా చూస్తోంది అన్న రెండు విషయాలే దాన్ని తేలుస్తాయి.

అయితే ఎవరి దురుద్దేశమూ లేకుండానే వచ్చే తేడా కొంత ఉంటుంది, ముందు దాన్ని పక్కకు తీయాలి. సుమారు 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు, అయిదడుగుల దూరం నుంచి తీసిన ఫోటోలో కంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్య పరిశోధకులు లెక్కగట్టారు. కెమెరాను నడుము ఎత్తులో పెట్టి పైకి చూపిస్తే కాళ్లు పొడవవుతాయి, తల ఎత్తు నుంచి కిందికి చూపిస్తే దవడ సన్నబడుతుంది. పక్కన తలుపో కుర్చీయో లేని ఫోటోలో మనిషి ఎత్తు ఎంతో చెప్పడం ఎవరి తరమూ కాదు. హోటల్ గది అద్దంలో తీసుకున్న ఫోటో కుడిఎడమలను తారుమారు చేస్తుంది. తమ ఫోటోల్లో అద్దంలో కనిపించే రూపాన్నే మనుషులు ఇష్టపడతారనీ, స్నేహితులు మాత్రం మామూలు రూపాన్ని ఎంచుకుంటారనీ 1977లోనే ఒక ప్రయోగం చూపించింది. అంటే తనకు నచ్చిన ఫోటోను నిజాయతీగా పెట్టిన మనిషి కూడా, ఇతరులు తనను చూసే తీరుకు కాస్త ఎడంగా ఉన్నదాన్నే పెడుతుంది.

అంతకన్నా ఆసక్తికరమైన ప్రయోగం 2011లో ప్రచురితమైంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఇద్దరు ప్రముఖులవి, ఒక్కొక్కరివి 20 చొప్పున, 40 ఫోటోలను కలిపేసి, వారిని ఎరుగని బ్రిటన్ వాసుల చేతికిచ్చి, ఇందులో ఎంతమంది ఉన్నారో విడదీయమన్నారు. ఉన్నది ఇద్దరే అయినా, వారు ఏడెనిమిది మంది ఉన్నారని కుప్పలు వేశారు. ఆ ఇద్దరినీ రోజూ టీవీలో చూసే డచ్చివారు మాత్రం తేలిగ్గా విడదీశారు. మనకు తెలిసిన ముఖాన్ని ఏ వెలుతురులోనైనా గుర్తుపడతాం, తెలియని ముఖం విషయంలో ఒకే మనిషి తాలూకు రెండు ఫోటోలను కూడా కలపలేం. ప్రకటన చూసి వెళ్లేవాడికి ఆ ముఖం నిర్వచనం ప్రకారమే తెలియనిది. కాబట్టి ‘ఆమె కాదు, వేరే మనిషి’ అని గట్టిగా చెప్పేవారిలో కొందరు నిజాయతీగానే పొరబడి ఉండవచ్చు.

ఇక కావాలని చేసే మెరుగుదల సంగతి. ఆన్‌లైన్ డేటింగ్‌లో ఉన్న 80 మందిని న్యూయార్క్‌లో పిలిచి, ఎత్తు కొలిచి, బరువు తూచి, వయసును డ్రైవింగ్ లైసెన్సుతో సరిచూసిన పరిశోధన ఒకటి 2008లో వెలువడింది. 81 శాతం మంది ఈ మూడింటిలో కనీసం ఒకదాని గురించి అబద్ధం చెప్పారు. కానీ అబద్ధాలు చాలావరకు చిన్నవి: ఎత్తు కొద్దిగా పెంచడం, బరువు కొద్దిగా తగ్గించడం. కారణం తేలికైనదే. రేపు ఎదురుపడాల్సిన మనిషి, ఎదురుపడగానే బయటపడే అబద్ధాన్ని ఆడడు. అదే బృందం ఫోటోలను పరిశీలించినప్పుడు మూడింట ఒక వంతు మాత్రమే మనిషికి తగినట్టు లేవని తేలింది.

స్వతంత్రంగా పనిచేసే ఎస్కార్ట్‌కు ఈ తర్కం మరింత బలంగా వర్తిస్తుంది, సాధారణంగా ఎవరూ గమనించని అసలు విషయం ఇదే. ఫోటో చూసి ఒక రూపాన్ని ఊహించుకుని వచ్చి, మరొకటి చూసి కోపం తెచ్చుకున్న అపరిచితుడితో మూసిన గదిలో ఒంటరిగా ఉండేది ఆమె. బేరం తగ్గించమన్నా, డబ్బు వెనక్కిమ్మని మీదికి వచ్చినా, ఆ ప్రమాదం పూర్తిగా ఆమెదే. అందుచేత తన ప్రకటన తానే రాసుకుని, తన ఫోటో తానే పెట్టుకుని, వచ్చినవారు మళ్లీ రావాలని కోరుకునే మనిషికి అతిగా మెరుగులు దిద్దడం వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ. మధ్యవర్తి లెక్క దీనికి నేరుగా తలకిందులు. నిరాశ పడిన కస్టమర్ కోపం అతని మీద పడదు, ఫోన్ మోగడమే అతనికి కావాలి, ఫోన్ మోగించే శక్తి అందమైన ఫోటోకు ఉంది. ఫోటో ఎంత అబద్ధమైతే అంత లాభం అతనికి, అంత ప్రమాదం ఆమెకు.

మధ్యవర్తి చేతిలో ఫోటో ఏమవుతుందో చూడడానికి జపాన్ మంచి ఉదాహరణ. అక్కడ 1956 నాటి చట్టం వ్యభిచారాన్ని నిషేధించినా, సంభోగం దాకా వెళ్లని లైంగిక సేవల వ్యాపారం వేరే చట్టం కింద నమోదై నడుస్తుంది. ఒకప్పుడు దుకాణం గోడ మీద అమ్మాయిల ఫోటోలను పలకల మీద పేర్చేవారు. 1998 నాటి సవరణ దుకాణమే లేకుండా హోటల్‌కో ఇంటికో మనిషిని పంపే వ్యాపారాన్ని కూడా చట్టం పరిధిలోకి తెచ్చాక, కస్టమర్‌కు వెబ్‌సైటులోని ఫోటో తప్ప చూసుకోవడానికి మరేమీ లేకుండా పోయింది. ఫోటో తీయించేది, కళ్లు పెద్దవి చేసేది, నడుము సన్నం చేసేది, వయసు తగ్గించి రాసేది దుకాణం యజమానులే. ఈ మాయకు జపాన్‌లో ‘పానెల్ మ్యాజిక్’ అన్న పేరే స్థిరపడిపోయింది. చాలా ఫోటోల్లో అమ్మాయి నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని కనిపిస్తుంది. అది హొయలు కోసం అనుకుంటారు గానీ, పక్కింటివారో తరగతిలోని స్నేహితులో గుర్తుపట్టకూడదన్న జాగ్రత్త కూడా అందులో ఉంది.

ముఖం దాచడం అన్న ఈ సంగతి దగ్గర కొంచెం ఆగాలి. బ్రిటన్‌లో ఒంటరిగా పనిచేసే వయోజనురాలు డబ్బుకు లైంగిక సేవ అందించడం నేరం కాదు. న్యూజీలాండ్ 2003లో ఈ వృత్తిని నేరాల జాబితా నుంచే తొలగించింది. జర్మనీలో 2017 జులై నుంచి నమోదు తప్పనిసరి, అయితే అసలు పేరుకు బదులు మారుపేరుతో, ఫోటోతో కూడిన ధ్రువపత్రం తీసుకునే వెసులుబాటు ఉంది. ఇలాంటి చోట్ల ప్రకటనలు చాలావరకు ఆ మనుషులవే. ఆ రోజు తేదీనీ తన మారుపేరునూ కాగితం మీద రాసి చేత్తో పట్టుకున్న ఫోటోను నిర్వాహకులకు పంపి, ‘ఫోటో సరిచూశాం’ అన్న గుర్తు పొందే పద్ధతి అక్కడ పరిపాటి. అయినా బహిరంగంగా కనిపించే ఫోటోలో ముఖం మసకగానే ఉంటుంది. పగలు మరో ఉద్యోగం ఉండవచ్చు, పిల్లల చదువు ఉండవచ్చు, అమెరికా వంటి దేశానికి వెళ్లేటప్పుడు వీసా అధికారుల ప్రశ్నలు ఉండవచ్చు. ఒక్క ముఖం ఫోటో ఇస్తే వెబ్‌లో ఆ ముఖం ఎక్కడెక్కడ ఉందో వెతికిపెట్టే పిమ్ఐస్ లాంటి సేవలు వచ్చాక, మసక లేని ఒక్క ఫోటో చాలు, మారుపేరుకూ అసలు పేరుకూ మధ్య గోడ కూలిపోవడానికి. పుట్టుమచ్చనూ పచ్చబొట్టునూ చెరిపేసేది కూడా అందం కోసం కాదు. కాబట్టి చట్టం కాస్త నీడనిచ్చే దేశాల్లో ఒంటి ఆకారం నిజానికి దగ్గరగానూ, ముఖం మాత్రం కనబడకుండానూ ఉంటుంది. అబద్ధానికీ గోప్యతకూ ఉన్న ఈ తేడాను గమనించకుండా ‘ఫోటో సరిపోలలేదు’ అనడం న్యాయం కాదు.

అమెరికాలో జరిగింది దీనికి మరో కోణం. 2018 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం బ్యాక్‌పేజ్ అనే పెద్ద ప్రకటనల వెబ్‌సైటును స్వాధీనం చేసుకుంది. అదే నెలలో, వ్యభిచారాన్ని ప్రోత్సహించే వెబ్‌సైటుల నిర్వాహకులను శిక్షించే ఫోస్టా చట్టం మీద అధ్యక్షుడి సంతకం పడింది. మనుషుల అక్రమ రవాణాను అరికట్టడం దాని ఉద్దేశం. ఆ చట్టం తెచ్చిన కొత్త నేరం కింద 2021 నాటికి ఒకే ఒక్క కేసు నడిచిందని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయమే నివేదించింది. ఈలోగా ప్రకటనలు విదేశాల నుంచి నడిచే సైటులకు తరలిపోయాయి. ఏ దేశపు పోలీసులకూ జవాబు చెప్పనక్కరలేని సైటుకు ఫోటో ఎవరిదో అడగాల్సిన పని ఉండదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. భారతదేశంలో ఎస్కార్ట్ ప్రకటన ఫోటో గురించి ఆలోచించేవారు ముందుగా తెలుసుకోవాల్సింది, అందులోని మనిషికి చాలాసార్లు ఆ ప్రకటనతో ఏ సంబంధమూ ఉండదన్నదే. దీనికి కారణం చట్టం నిర్మాణంలోనే ఉంది. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం వయోజన స్త్రీ తన ఇష్టంతో చేసే పనిని నేరుగా నేరమనదు. వ్యభిచార గృహం నడపడం, ఒకరి సంపాదన మీద బతకడం, మనుషులను ఈ వృత్తిలోకి దింపడం, బహిరంగంగా పిలవడం మాత్రం నేరాలు. పిలవడానికి సంబంధించిన ఎనిమిదో సెక్షన్ ఎంత వివరంగా రాశారంటే, కిటికీ దగ్గరో బాల్కనీలోనో కూర్చోవడం కూడా అందులో పేర్కొన్నారు. నేడు కిటికీ స్థానంలోకి ఫోన్ తెర వచ్చింది. తన ఫోటో తానే పెట్టి తనే సరిచూపించుకుంటే, ఆమె తన మీద తానే సాక్ష్యం తయారుచేసి పెట్టినట్టు. అందువల్ల నిజమైన ఫోటో పెట్టడానికి ఎక్కువ కారణం ఉన్న మనిషే ఇక్కడ పెట్టలేని పరిస్థితిలో ఉంది. ఆ ఖాళీని నింపేది మధ్యవర్తులూ, అసలు ఏ సేవా లేని మోసగాళ్లూ. 2016 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 240 వెబ్‌సైటులను నిలిపివేయమని ఇంటర్నెట్ సంస్థలను ఆదేశించింది. ఒక అక్షరం మార్చి కొత్త చిరునామా తీసుకోవడం ఎంత తేలికో తెలిసినవారికి, ఆ ఆదేశం ఎంతవరకు పనిచేస్తుందో చెప్పనక్కరలేదు.

మోసగాళ్ల పద్ధతి వివరంగా చెప్పుకోదగ్గంత గొప్పదేమీ కాదు. మోడళ్లవో, సీరియల్ నటులవో, ఎవరో విద్యార్థినివో ఫోటోలు సామాజిక మాధ్యమాల నుంచి ఎత్తి పెడతారు. వాట్సాప్‌లో పలకరిస్తే అడ్వాన్సు అంటారు, ఆ తర్వాత సెక్యూరిటీ డిపాజిట్ అంటారు, హోటల్ గేట్ పాస్ అంటారు, తిరిగి ఇచ్చేస్తామంటూ క్యూఆర్ కోడ్ పంపిస్తారు. ఇచ్చేవాడు విసిగి ఆగేదాకా ఇది సాగుతుంది. చివరకు ఎదురయ్యే మనిషే ఉండదు కాబట్టి, ఫోటోకూ మనిషికీ పోలిక అన్న ప్రశ్నే పుట్టదు. డబ్బు పోయినవాడు పోలీసు స్టేషనుకు వెళ్లడానికి సిగ్గుపడతాడు. ఆ సిగ్గే ఈ మోసానికి పెట్టుబడి. కొన్నిసార్లు కథ వీడియో కాల్‌లోకి మళ్లి, ఫోన్ చేసినవాడి ముఖమే రికార్డయి, బెదిరింపుగా అతనికే తిరిగి వస్తుంది.

ముఠాలు నిజంగా మనుషులను పంపే చోట పరిస్థితి మరింత దారుణం. 2022 డిసెంబరులో సైబరాబాద్ పోలీసులు ఛేదించిన ముఠా ఇందుకు మన ఎదురుగా ఉన్న ఉదాహరణ. ఉద్యోగం, సులువైన సంపాదన అని ఆశపెట్టి మహిళలను చేర్చుకోవడం, వారి ఫోటోలను వెబ్‌సైటుల్లో పెట్టడం, వచ్చిన ఫోన్లను కాల్ సెంటర్లలో తీసుకుని వాట్సాప్ ద్వారా బేరం కుదర్చడం ఆ ముఠా పని. దేశంలోని పలు రాష్ట్రాల నుంచీ విదేశాల నుంచీ 14 వేల మందికి పైగా మహిళలు ఈ వలలో చిక్కారని పోలీసులు ప్రకటించారు. ఇక్కడ గమనించాల్సింది పనుల విభజన. ఫోటో ఎంచి పెట్టేవాడు ఒకడు, ఫోన్‌లో మాట్లాడేవాడు ఇంకొకడు, రవాణా చూసేవాడు మరొకడు. ఫోటోలోని రూపాన్ని వర్ణించి బేరమాడే కాల్ సెంటర్ ఉద్యోగి ఆ మహిళను జన్మలో చూసి ఉండడు. ఇలాంటి ఏర్పాటులో ఫలానా ఫోటోకు ఫలానా మనిషే వెళ్లాలన్న నియమం ఎవరికీ అక్కరలేదు. మనిషి ముఠా నుంచి బయటపడినా ఫోటో బయటపడదు, అది మరొకరి పేరు మీద ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

వయసు విషయంలో ఈ అబద్ధం ప్రాణాంతకమవుతుంది. ‘ఇరవై ఒకటి’ అని రాసిన ఫోటో వెనుక ముప్పై అయిదేళ్ల మనిషి ఉండవచ్చు, పదహారేళ్ల పిల్లా ఉండవచ్చు. మేకప్పూ ఫిల్టరూ రెండు దిక్కులా పనిచేస్తాయి. చూడగానే బాలలని స్పష్టంగా తెలియక సందేహం ఉన్నప్పుడు, వయసు నిర్ధారణకు 2015 నాటి బాల న్యాయ చట్టం బడి ధ్రువపత్రాన్నో పదో తరగతి ధ్రువపత్రాన్నో, అవి లేకపోతే స్థానిక సంస్థ ఇచ్చిన జనన ధ్రువపత్రాన్నో, అదీ లేకపోతే ఎముకల పరీక్షనో అడుగుతుంది తప్ప, కంటికి కనిపించే రూపంతో సరిపెట్టుకోదు. ప్రకటన ఫోటోకు ఆ మాత్రం విలువ కూడా లేదు.

ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఫిర్యాదు చేసే కస్టమర్ కాదు, ఈ వృత్తితో ఏ సంబంధమూ లేకుండా ఫోటో మాత్రమే చిక్కుకుపోయిన స్త్రీ. విడిపోయిన ప్రియుడు, తిరస్కారం భరించలేని సహోద్యోగి, ఆస్తి తగాదాలో ఉన్న బంధువు ఆమె ఫోటోనూ ఫోన్ నంబరునూ కలిపి ప్రకటనలో పెట్టేస్తారు. అర్ధరాత్రి నుంచి అపరిచితుల ఫోన్లు మొదలైనప్పుడుగానీ ఆమెకు తెలియదు. ఇంట్లో మొదటి ప్రశ్న ‘ఆ ఫోటో అసలు ఎందుకు దిగావు’ అన్నదే అవుతుంది. ఫేస్‌బుక్‌లో పెట్టిన పెళ్లి ఫోటో అయినా సరే. ఇక ఫోటో కూడా అక్కరలేని రోజులు వచ్చాయి: 2023 నవంబరులో ఒక ప్రముఖ సినీనటి ముఖాన్ని మరో స్త్రీ వీడియో మీద అతికించిన ఉదంతం దేశమంతా చర్చకు వచ్చాక, ఈ పని సామాన్యుల మీద ఎంత సులువుగా చేయవచ్చో అందరికీ తెలిసింది. పూర్తిగా యంత్రం పుట్టించిన ముఖాలు ఇప్పుడు ప్రకటనల్లోకి వస్తున్నాయి. దొంగిలించిన ఫోటోను గూగుల్ లెన్స్‌తో వెతికి అసలు మూలం పట్టుకోవచ్చు, పుట్టించిన ముఖానికి మూలమే ఉండదు.

చట్టంలో దారులు లేకపోలేదు. మరొకరి గుర్తింపును దొంగిలించి వాడడానికి ఐటీ చట్టంలో 66సి, కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేయడానికి 66డి సెక్షన్లు ఉన్నాయి. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. నగ్న చిత్రమైతే 66ఇ, 67, లైంగిక చర్య ఉంటే 67ఏ సెక్షన్లు తోడు కావచ్చు. వేరొకరిలా నటించడానికి వాడిన ఫోటోల మీద, మార్చి అతికించిన (మార్ఫింగ్) ఫోటోల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే తొలగించాల్సిన బాధ్యతను 2021 నాటి ఐటీ నిబంధనలు సైటుల మీద పెట్టాయి, అప్పట్లో 24 గంటల గడువుతో. అంతరంగిక చిత్రాల వ్యాప్తిని ఆపే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే అంతర్జాతీయ సేవ 2021 డిసెంబరులో మొదలైంది. అందులో ఫోటో మన ఫోన్ దాటి వెళ్లదు, దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే వెళుతుంది. కానీ చీర కట్టుకుని దిగిన మామూలు ఫోటో ఎస్కార్ట్ ప్రకటనలో తేలితే అది ‘అంతరంగిక చిత్రం’ కాదు కాబట్టి ఆ సేవ కిందికి రాదు. ఇది చిన్న లోపం కాదు, ఎందుకంటే మన దగ్గర దుర్వినియోగమయ్యే ఫోటోల్లో ఇలాంటి మామూలువే చాలా ఉంటాయి.

పోలీసు దాడుల వార్తల్లో మన ఛానెళ్లూ పత్రికలూ చేసే పనిని కూడా ఇక్కడే చెప్పాలి. ‘హైటెక్ వ్యభిచారం గుట్టురట్టు’ అన్న శీర్షిక కింద చున్నీతో ముఖం కప్పుకున్న మహిళల వరుస కనిపిస్తుంది, విటులు మాత్రం ఫ్రేములో ఉండరు. బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో, అరెస్టు, దాడి, రక్షణ చర్యల సమయంలో సెక్స్ వర్కర్ల గుర్తింపు బయటపడేలా ఫోటోలు ప్రచురించకూడదన్నది ఒకటి. వారు బాధితులైనా, నిందితులైనా ఇది వర్తిస్తుంది.

తన ఫోటో ప్రకటనలో ఉందని తెలిసిన వ్యక్తి తొందరలో చేసే పొరపాటు, దాన్ని వెంటనే తీయించేయడం. అంతకుముందే ఆ పేజీ పూర్తి చిరునామా, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి, వచ్చిన ఫోన్ నంబర్లనూ సందేశాలనూ చెరపకుండా ఉంచాలి, ఆ తర్వాతే తొలగింపు కోరాలి. పేజీ పోయాక దాన్ని పెట్టినవాడి జాడ దొరకడం కష్టమవుతుంది. మహిళలపై నేరాలకు జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో విడిగా ఒక విభాగం ఉంది, కొన్ని రకాల ఫిర్యాదులను పేరు చెప్పకుండా కూడా నమోదు చేయవచ్చు. డబ్బు పోయిన సందర్భంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఎంత త్వరగా ఫోన్ చేస్తే, ఆ సొమ్ము మరో ఖాతాలోకి మారకముందే నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.